ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయా?

ప్రశ్న: ఇంటి దగ్గరే ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. పాత ల్యాప్‌టాప్ అమ్మేద్దామనుకుంటున్నాను. అందులో క్లయింట్ల పాన్, ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు బోలెడున్నాయి. షాపతనేమో "నేనే ఫార్మాట్ కొట్టేస్తాలెండి మేడమ్" అంటున్నాడు, మా అబ్బాయేమో 35 సార్లు తుడవాలంటాడు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇద్దరి మాటా వద్దండీ. షాపుల్లో మామూలుగా కొట్టేది క్విక్ ఫార్మాట్, అర నిమిషంలో అయిపోతుంది. 500 జీబీ డిస్కును నిజంగా తుడవాలంటే గంటలు పడుతుంది, ఇక మీరే ఆలోచించండి. గుమ్మం మీద నేమ్‌ప్లేట్ పీకేసి ఇల్లు ఖాళీ చేశామన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం, లోపల సామాను ఎక్కడిదక్కడే. ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీద నేనోసారి ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే, ఫైళ్ల పేర్లు పోయి ఏవో నంబర్లు వచ్చాయి గానీ మా చెల్లి పెళ్లి ఫోటోలు తలంబ్రాలతో సహా తిరిగొచ్చాయి. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులిద్దరు 158 పాత డిస్కులు కొని చూస్తే, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి పన్నెండే. 2003 నాటి లెక్క ఇది.

35 సార్ల గొడవ 1996లో పీటర్ గట్‌మన్ అనే కంప్యూటర్ భద్రతా నిపుణుడు రాసిన వ్యాసంలోది, అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి చెప్పిన అంకె. ఇప్పటి హార్డ్ డిస్కుకి పాత డేటా మీద మొత్తం ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు.

ముందు కావాల్సినవి వేరే చోట కాపీ చేసుకోండి, తుడిచాక నన్నడిగినా రావు. విండోస్ 10 లేదా 11 అయితే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి, రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ నొక్కండి. అక్కడ చేంజ్ సెట్టింగ్స్ అని చిన్నగా ఉంటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. అందులో క్లీన్ డేటా ఆన్ చేయండి (పాత డేటా మీద తిరగరాసేది ఇదే), అన్ని డ్రైవ్‌లూ అన్నదీ ఆన్ చేయండి, లేకపోతే డీ డ్రైవ్‌లో పెట్టుకున్న క్లయింట్ల ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. ఛార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయండి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కు) అయితే ఈ లెక్క కుదరదు. మీరు సున్నాలు రాసినా అది వేరే చోట రాసుకుంటుంది, పాతది ఏ మూలో మిగలొచ్చు. దానికి తయారీ కంపెనీ ఇచ్చే టూల్‌లో సెక్యూర్ ఎరేజ్ వాడాలి.

ఇదంతా టెన్షన్ అనిపిస్తే, డిస్కు ఊడదీయించి మీ బీరువాలో పెట్టుకుని మిగతా ల్యాప్‌టాప్ అమ్మేయండి. ధర కాస్త తగ్గిస్తాడు, తగ్గించనివ్వండి.