కార్ల ఊళ్లో పాటల ఫ్యాక్టరీ

ప్రశ్న: మా అబ్బాయి డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాడండీ, వచ్చే నెల వెళ్తున్నాం. మోటౌన్ మ్యూజియం తప్పకుండా చూడాలి నాన్నా అంటున్నాడు. కార్లవి పెట్టారేమో అనుకున్నా, కాదు పాటలదంట. కార్ల ఊరికీ పాటలకీ ఏంటి లింకు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరనుకున్నది మరీ తప్పేం కాదు లెండి, కార్ల ఊరని డెట్రాయిట్‌ని మోటార్ టౌన్ అంటారు, ఆ మోటార్ టౌన్‌ని కుదిస్తేనే మోటౌన్ అయింది. బెర్రీ గోర్డీ అని ఒకాయన అక్కడే లింకన్-మెర్క్యురీ ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసేవాడు, 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల కంపెనీ పెట్టాడు. ఫ్యాక్టరీలో ఈ చివర ఉత్త ఫ్రేము పెడితే ఆ చివర కొత్త కారు బయటికొస్తుంది కదా, అలాగే మామూలు పిల్లల్ని తీసుకుని స్టార్లని చేసి పంపాలని ఆయన ప్లాను. పాట రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, స్టేజీ మీద ఎలా నడవాలో నేర్పడానికి ఇంకొకావిడ. డయానా రాస్ వాళ్ల గ్రూపు సుప్రీమ్స్, మార్విన్ గే, పిల్లాడిగా ఉన్నప్పుడే వచ్చిన స్టీవీ వండర్, అందరూ ఆ లైన్లోంచి వచ్చినవాళ్లే.

వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో 2648 నంబరు ఇల్లే ఇప్పుడు మ్యూజియం, కారు దిగాక ఇదేనా అనుకుంటారు, అంత మామూలుగా ఉంటుంది, కాకపోతే ముందు హిట్స్‌విల్ యూఎస్ఏ అని రాసుంటుంది. స్టూడియో చాలా చిన్నది, వైర్లు ఎక్కడ పడితే అక్కడ ఉండేవని పాముల గుంట అని పేరు పెట్టారు. ఎకో కావాలంటే పైకప్పు కింద అటక వాడుకునేవాళ్లు. నాకు బాగా నచ్చేది 1965 నాటి నోవేర్ టు రన్ పాట, అందులో గలగలమని వినిపించేది ఏ వాయిద్యమూ కాదు, మంచులో జారకుండా కారు టైర్లకి కట్టే గొలుసులు! ఆ ఊళ్లో ఏ ఇంట్లో అయినా దొరికేవే కదా మరి.

అసలు చెప్పాల్సింది వెనక వాయించినవాళ్ల గురించి. ఫంక్ బ్రదర్స్ అంటారు, రాత్రుళ్లు క్లబ్బుల్లో జాజ్ వాయించి పగలు ఇక్కడికొచ్చేవాళ్లు. జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ తీగల్ని కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే మీటేవాడు, ఏ మోటౌన్ పాటైనా సరే ఒకసారి గొంతు వదిలేసి ఆ బేస్ మాత్రమే వినండి, పాట కింద ఇంకో పాట నడుస్తుంటుంది. ఇంత చేసినా 1971లో మార్విన్ గే వాట్స్ గోయింగ్ ఆన్ ఆల్బమ్ వచ్చేదాకా రికార్డుల అట్టల మీద వీళ్ల పేర్లే వేయలేదు (మన పాత సినిమా పాటల్లో వయొలిన్ ఎవరు వాయించారో మనకి మాత్రం తెలుసా ఏంటి). ఆ మరుసటి ఏడాది కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చేసింది, వీళ్లలో చాలామంది డెట్రాయిట్‌లోనే మిగిలిపోయారు.

ప్రశ్న: సింగర్ అరెతా ఫ్రాంక్లిన్ కూడా మోటౌనేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాదండీ, చాలామంది పొరబడతారు. పుట్టింది మెంఫిస్‌లో అయినా పెరిగిందంతా డెట్రాయిట్‌లోనే, వాళ్ల నాన్న న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు, పాట కూడా ఆ చర్చిలోనే మొదలైంది. కానీ ఆవిడ పాడింది కొలంబియా రికార్డుల కంపెనీకి, తర్వాత అట్లాంటిక్ కంపెనీకి, 1967లో ఊపేసిన రెస్పెక్ట్ పాట కూడా అట్లాంటిక్‌దే. తమాషా ఏంటంటే మోటౌన్‌కి మొదట్నుంచీ పాటలు రాసిన స్మోకీ రాబిన్సన్ చిన్నప్పుడు అరెతా వాళ్లన్నయ్య ఫ్రెండు, వాళ్లింటికి ఆడుకోడానికి వచ్చేవాడు!