అయాన్ ఇంజిన్ నౌకకు ముందు చూడవలసింది థ్రస్టర్ కాదు, కరెంటు

గ్రహశకలాల పట్టీకి వెళ్లే నౌకకు, ఎగ్జాస్ట్ వేగం (వెనక్కి చిమ్మే వాయువు వేగం) అన్నిటికంటే ఎక్కువగా ఉన్న అయాన్ థ్రస్టర్‌ను, అంటే వాయువును అయాన్లుగా మార్చి విద్యుత్తుతో వెనక్కి చిమ్మే ఇంజిన్‌ను, ఎంచుకుంటే సరిపోతుందా అని మీరు అడిగారు. ఎం.టెక్. ప్రాజెక్టులో నేను సరిగ్గా ఆ పనే చేసి చీవాట్లు తిన్నాను కనుక, కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఎగ్జాస్ట్ వేగం పెరిగితే, ఇంజిన్ చిమ్మే జినాన్ వాయువు ఎంత ఆదా అవుతుందో పేజీల కొద్దీ లెక్కలు కట్టి తీసుకువెళితే, మా ఆచార్యులు మొదటి పేజీ తిప్పకుండానే, "భూమి దగ్గరున్న కరెంటే అక్కడా ఉంటుందనుకున్నావా ఏమిటోయ్?" అన్నారు. 2007లో బయలుదేరిన నాసా వారి డాన్ నౌకనే చూడండి. భూమి ఉన్న దూరంలో 10 కిలోవాట్లకు పైగా ఇచ్చే దాని సౌరఫలకాలు, సూర్యుడి నుంచి అంతకు మూడు రెట్ల దూరంలో ఇచ్చేది సుమారు 1.3 కిలోవాట్లు. వెలుతురు తొమ్మిదో వంతుకు పడిపోయినా, చలికి సౌరఘటాలు కాస్త మెరుగ్గా పనిచేస్తాయి కనుక ఆ మాత్రమైనా దక్కుతుంది.

థ్రస్టర్‌కు ఇచ్చిన విద్యుత్తులో జెట్‌కు దక్కే పాలును రెట్టింపు చేసి, ఎగ్జాస్ట్ వేగంతో భాగిస్తే థ్రస్ట్, అంటే నౌకను నెట్టే బలం, వస్తుంది. 2.3 కిలోవాట్లలో నూటికి 60 పాళ్లు దక్కి, వేగం సెకనుకు 30 కిలోమీటర్లయితే, వచ్చేది 0.09 న్యూటన్లు, అంటే అరచేతిలో పెట్టుకున్న ఒకటి రెండు కాగితాల బరువు. అదే కరెంటుతో ఎగ్జాస్ట్ వేగాన్ని రెట్టింపు చేస్తే ఈ థ్రస్ట్ కూడా సగమైపోతుంది. పోనీ ఫలకాలు పెంచుదామంటే, జినాన్‌లో మిగిల్చిన బరువును అవే తినేస్తాయి. నా నౌక గమ్యం చేరడానికి ఎన్నేళ్లు పట్టిందో ఇక్కడ రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంత చిన్న థ్రస్ట్ ఏళ్ల తరబడి ఆగకుండా పనిచేయాలి. డాన్ మోసుకెళ్లిన జినాన్ 425 కిలోలే అయినా, ఆ నౌక తన వేగాన్ని మొత్తం మీద సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా మార్చి, గ్రహశకలాల పట్టీలోని వెస్టా, సెరెస్‌లు రెండింటి చుట్టూ తిరగగలిగింది. అయితే 2014 సెప్టెంబరులో ఒక అవాంతరం వల్ల సుమారు నాలుగు రోజులు ఇంజిన్ ఆగిపోతే, సెరెస్ దగ్గర పరిశోధన కక్ష్యలో చేరడం దాదాపు నెల వెనక్కి జరిగింది. అందువల్ల ఇంజిన్ ఆగిపోయే రోజులను కూడా ముందే లెక్కలో వేసుకోవాలి, నేను వేసుకోలేదు.

ఇంజిన్ ఎందుకు ఆగుతుందో ప్రయోగశాలలో కళ్లారా చూశాను. శూన్య గదిలో నాకు అప్పగించిన బోలు కాథోడ్‌ను (థ్రస్టర్‌లో ఎలక్ట్రాన్లను విడుదల చేసే భాగం) మెల్లగా వేడి చేసి, అందులోని తేమను పోగొట్టాకే వెలిగించాలి. నేను తొందరపడి వేడి ఒక్కసారిగా పెంచేశాను. క్వార్ట్జ్ కిటికీలోంచి లేత నీలి వెలుగు ఒక్క క్షణం కనిపించి ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. అంతరిక్షంలో కాథోడ్‌ను మార్చే దిక్కుండదు. డాన్‌లో ఒక్కసారికి ఒక్కటే పనిచేసినా మూడు థ్రస్టర్లు ఎందుకు పెట్టారో ఆ రోజు అర్థమైంది.

మీ గమ్యం సూర్యుడికి ఎంత దూరమో, ఫలకాలకు ఎంత బరువు కేటాయించారో రాస్తే, థ్రస్టర్ సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.