టెస్ట్ మారితే మళ్లీ కంపైల్ ఎందుకు?

ప్రశ్న: మా ప్రాసెసర్ డిజైన్‌ని వెరిలేటర్ అనే సిమ్యులేటర్‌తో నడిపి చూస్తున్నాను. టెస్ట్ నడిచేది రెండు నిమిషాలే, కానీ దానికి ముందు కంపైల్‌కి పదిహేను నిమిషాలు పడుతోంది. మెమరీలోకి ఎక్కించే హెక్స్ ఫైల్ పేరు డిఫైన్‌గా (కంపైల్ సమయంలో ఇచ్చే మాక్రో) ఇస్తున్నాను. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా మెరుగుపరచడం) ఓ3 స్థాయిలో ఉంది. కొత్త కంప్యూటర్ కొంటే తప్ప లాభం లేదా?

జవాబు: కంప్యూటర్ మాట తర్వాత చూద్దాం. ముందు ఆ డిఫైన్ తీసేయండి. వెరిలేటర్ మీ వెరిలాగ్‌ని (హార్డ్‌వేర్‌ని వర్ణించే భాషలోని కోడ్‌ని) సీ ప్లస్ ప్లస్‌గా మార్చి, దాన్ని మళ్లీ కంపైల్ చేయిస్తుంది. డిఫైన్ విలువ ఆ మొదటి మెట్టులోనే కోడ్‌లో కలిసిపోతుంది కాబట్టి, పేరులో ఒక్క అక్షరం మారినా పని మొదటికొస్తుంది. టెస్ట్ మారినంత మాత్రాన డిజైన్ మారలేదు కదా!

ఫైల్ పేరుని ప్లస్‌ఆర్గ్‌గా, అంటే ప్రోగ్రామ్ నడిపేటప్పుడు ప్లస్ గుర్తుతో ఇచ్చే ఆర్గ్యుమెంట్‌గా, ఇవ్వండి. సిమ్యులేషన్ మొదట్లో నడిచే ఇనీషియల్ బ్లాకులో వాల్యూ ప్లస్‌ఆర్గ్స్‌తో పేరు చదివి, దాన్నే హెక్స్ ఫైల్‌ని మెమరీలోకి ఎక్కించే రీడ్‌మెమ్‌హెచ్‌కి అందించండి. ఒకసారి తయారైన ప్రోగ్రామే వంద టెస్టులకీ సరిపోతుంది. మెయిన్ ఫంక్షన్ మీరే రాసుకుని ఉంటే, అందులో కమాండ్‌ఆర్గ్స్ పిలవడం మరవకండి. లేకపోతే ప్లస్‌ఆర్గ్‌లు లోపలికి చేరవు.

ఇక్కడ నేను దెబ్బతిన్నాను. ప్లస్‌ఆర్గ్ పేరు తప్పుగా టైపు చేశాను. కోడ్ చప్పుడు చేయకుండా డిఫాల్ట్ ఫైల్‌నే ఎక్కించింది. రాత్రంతా నడిచిన టెస్టులన్నీ పాసయ్యాయి, అన్నీ ఒకే టెస్ట్! అప్పటి నుంచి డిఫాల్ట్ పెట్టడం మానేశాను. పేరు దొరక్కపోతే ఫాటల్‌తో ఆపేస్తాను. మీరూ అలాగే చేయండి.

డీబగ్ ప్రింట్లని ఇఫ్‌డెఫ్‌లో (డిఫైన్ ఉంటేనే కంపైల్ అయ్యే భాగంలో) దాచి ఉంటే వాటినీ టెస్ట్ ప్లస్‌ఆర్గ్స్ (ప్లస్‌ఆర్గ్ ఇచ్చారో లేదో చూసేది) కిందికి మార్చండి. బస్సు వెడల్పు, ఫైఫో (డేటా వరుసగా నిలిచే క్యూ) లోతు లాంటి పారామీటర్లకి మాత్రం ఈ దారి పనికిరాదు. హార్డ్‌వేర్ ఆకారమే వాటి మీద ఆధారపడుతుంది, అవి కంపైల్ సమయంలోనే తేలాలి.

డిజైన్‌నే దిద్దే రోజుల్లో ఓ3 వదిలి ఓ1తో నడిపి చూడండి. సిమ్యులేషన్ నెమ్మదిస్తుంది, నిజమే. కానీ రెండు నిమిషాల పరుగు కోసం పదిహేను నిమిషాలు ఖర్చుపెట్టడం నాకు నచ్చదు. గంటల తరబడి నడిచే టెస్టులకి ఓ3 ఉంచుకోండి. అవుట్‌పుట్ స్ప్లిట్ ఆప్షన్‌తో పెద్ద ఫైళ్లు ముక్కలవుతాయి, కంపైల్ నడిపించే మేక్‌కి జే ఆప్షన్ ఇస్తే అన్ని కోర్లూ పని పంచుకుంటాయి. పాత కంపైల్ ఫలితాలు దాచుకునే సీ-క్యాష్ కూడా తగిలిస్తే మారని ముక్కలు మళ్లీ కంపైల్ కావు.