ముప్పై ఏళ్లయినా ఇంకా ప్రాక్టీసేనా?

ప్రశ్న: మా ఊర్లో ఒక డాక్టరు సారు 30 ఏండ్లుగా 'ప్రాక్టీసు' చేస్తుండారు. క్రికెట్టోళ్లు మ్యాచికి ముందర చేసేది ప్రాక్టీసు. అంటే సారు ఇంకా నేర్చుకుంటానే ఉండారా? అదీ మా మీదనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: భయపడకండి. మీరనుకునే ప్రాక్టీసు వేరు, సారుది వేరు. ఈ మాటకు మూలమైన గ్రీకు క్రియకు 'చేయడం' అనే అర్థం. పాతకాలపు యూరప్‌లో వైద్యాన్ని థియరీ, ప్రాక్టీసు అని రెండుగా విడదీసి చెప్పేవారు. చదివి తెలుసుకునేది మొదటిది, రోగి దగ్గర చేసేది రెండోది. వకీళ్లదీ ఈ ప్రాక్టీసే.

ఆ తేడా జ్వరం మందులో చూడండి. పిల్లలకు పారాసిటమాల్ మోతాదు ఒక్కసారికి కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల దాకా. 12 కిలోల బిడ్డకు 180. ఇంతవరకు థియరీ. కానీ షాపులో సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సీసా అయితే 7.2 మి.లీ. పోయాలి, 250 ఉన్నదైతే 3.6 చాలు. తల్లి పాత సీసా లెక్కనే కొత్త సీసాలోంచి పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. అందుకే "ఇంట్లో ఏ సీసా ఉందమ్మా? మూతతో పోస్తావా, చెంచాతోనా?" అని అడుగుతారు. ఇంటి చెంచాలన్నీ ఒకే కొలత కావు మరి. ఆ అడగడమే ప్రాక్టీసు. మనవాళ్లు హస్తవాసి అనేదాంట్లో సగం ఇదేనేమో!

మీరన్న సాధనా లేకపోలేదు. మన ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు కోత నేర్చుకునే శిష్యుల చేత ముందు గుమ్మడి, సొర, దోస కాయల మీద కత్తి పెట్టించమన్నాడు. ఇప్పుడు నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్ తర్వాత ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంది. కర్నూలు పెద్దాసుపత్రి వార్డుల్లో హౌస్ సర్జన్లు చేసేది అదే, పైన సీనియర్ల కన్ను ఉంటుంది. అది ముగిశాక మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే సొంతంగా బోర్డు పెట్టుకోవాలి.

ఆర్‌.ఎం.పి.లో 'పి' కూడా ప్రాక్టీషనరే, 'ఆర్' రిజిస్టర్డ్. పల్లెల్లో ఆ పేరుతో పిలిపించుకునే చాలామందికి లేనిది ఆ మొదటి అక్షరమే. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడాలి, మందుల చీటీ మీదా, డబ్బు రసీదు మీదా ఉండాలి. ఈసారి వెళ్లినప్పుడు సారు చీటీ తిప్పి చూడండి.