ప్రశ్న మీది, జవాబు మాది: సైగల భాష దేశానికొకటి ఎందుకుంది?

ప్రశ్న: నమస్తే అండీ. జగదాంబ జంక్షన్ దగ్గర మాకు బట్టల షాపు ఉంది. ప్యాకింగ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు చేస్తున్నారు, ఇద్దరికీ వినపడదు. ఒకడిది గాజువాక, ఇంకొకడు బరంపురం నుంచి వచ్చాడు, వాళ్ళింట్లో ఒడియా. వచ్చిన వారంలోనే ఇద్దరూ సైగలతో ఒకటే కబుర్లు, నేనేమో ఆ బరంపురం కుర్రాడి నాన్న ఫోన్ చేస్తే ఒక్క ముక్క అర్థం కాక పక్క షాపాయనకి ఫోన్ ఇచ్చేస్తాను. అంటే సైగల భాష ప్రపంచమంతా ఒకటేనా? ఇంకో సంగతి, మా తోడల్లుడి కూతురికీ వినపడదు, ఏడేళ్ళు. వాళ్ళ బాబాయ్ డల్లాస్ నుంచి "అమెరికన్ సైన్ లాంగ్వేజ్ నేర్పించండి, యూట్యూబ్ నిండా వీడియోలే, రేపు పనికొస్తుంది" అంటున్నాడు. ఏది నేర్పించమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ప్రపంచమంతా ఒకటి కాదండీ. మొత్తం 300కి పైగా సైన్ లాంగ్వేజ్‌లు ఉన్నాయని ఐక్యరాజ్యసమితి లెక్క. మీ షాపులో కుర్రాళ్ళిద్దరికీ కుదిరిందంటే ఇద్దరిదీ ఇండియన్ సైన్ లాంగ్వేజే అయ్యుండాలి, దాన్నే ఐఎస్ఎల్ అంటారు. ఇచ్ఛాపురం దాటగానే తెలుగు పోయి ఒడియా వస్తుంది, రెండూ వేరే వేరే కుటుంబాల భాషలు. ఐఎస్ఎల్‌కి ఆ గీత పట్టదు, ఎందుకంటే అది తెలుగులోంచీ పుట్టలేదు, ఒడియాలోంచీ పుట్టలేదు, దాని గ్రామర్ దానికుంది. ఊరు మారితే కొన్ని సైగలు మారతాయి, అది నిజమే, కానీ గ్రామర్ దేశమంతా దాదాపు ఒకటే కాబట్టి నాలుగు రోజులు కలిసి తిరిగితే సర్దుకుపోతారు.

ఇప్పుడు దీనికి తిరగేసిన కేసు చూడండి. అమెరికా, బ్రిటన్ రెండూ ఇంగ్లీషు దేశాలే కదా, అక్కడి డెఫ్ మనుషులు మాత్రం ఒకరి సైగలు ఒకరికి అర్థం కాక ఇబ్బంది పడతారు. దీని వెనక పెద్ద కథే ఉంది. గాలోడెట్ అనే అమెరికన్ డెఫ్ పిల్లలకి చదువు ఎలా చెప్పాలో తెలుసుకుందామని ముందు బ్రిటన్‌కే వెళ్ళాడు, అక్కడ స్కూళ్ళు నడిపే కుటుంబం వాళ్ళు తమ పద్ధతిని గుట్టుగా దాచుకునేవాళ్ళు, అడగ్గానే చెప్పలేదు. దాంతో ఆయన పారిస్ బధిరుల స్కూలుకి పోయాడు, ఆ స్కూల్లో పనిచేసే లారెంట్ క్లెర్క్ అనే టీచర్ తోడు దొరికాడు, క్లెర్క్‌కి కూడా వినపడదు. ఇద్దరూ ఓడెక్కి అమెరికా వచ్చి 1817లో హార్ట్‌ఫర్డ్‌లో స్కూలు పెట్టారు, ఫ్రెంచి సైగలూ అక్కడి పిల్లల సైగలూ కలిసిపోయి అమెరికన్ సైన్ లాంగ్వేజ్ తయారైంది. అందుకే ఈ రోజుకీ దానికి బ్రిటన్ కంటే ఫ్రాన్స్‌తోనే చుట్టరికం ఎక్కువ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మాత్రం బ్రిటన్ దారిలో ఉన్నాయి. ఆండ్రూ ఫోస్టర్ అని ఇంకో డెఫ్ అమెరికన్ 1957లో ఘనాలో స్కూలు మొదలుపెట్టి తర్వాత ఆఫ్రికాలో చాలా దేశాలు తిరిగాడు, ఆయనతోపాటు అమెరికా సైగలూ అక్కడికి వెళ్ళాయి. నాకర్థమైందేంటంటే, నోటి భాష ఇంట్లో అమ్మ దగ్గర్నుంచి వస్తుంది, సైగల భాష మాత్రం ఎక్కువగా స్కూలు నుంచీ తోటి డెఫ్ పిల్లల నుంచీ వస్తుంది, ఎందుకంటే చాలామంది డెఫ్ పిల్లల అమ్మానాన్నలకి వినపడుతుంది, వాళ్ళకి సైగలు రావు.

ఎవరూ నేర్పకుండా పుట్టినవి కూడా ఉన్నాయండోయ్! నికరాగువాలో 1970ల చివర్లో డెఫ్ పిల్లల్ని మొదటిసారి పెద్ద సంఖ్యలో ఒక చోట చేర్చారు, టీచర్లేమో స్పానిష్ పెదాలు చూసి చదవమని కూర్చోబెట్టారు, పిల్లలు గ్రౌండ్లో, బస్సులో వాళ్ళలో వాళ్ళే కొత్త భాష తయారు చేసేసుకున్నారు, తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దాన్ని ఇంకా పదునుపెట్టారు. మన పక్క కర్ణాటకలో అలీపూర్ అనే ఊళ్ళో కూడా డెఫ్ మనుషులు ఎక్కువ కాబట్టి ఆ ఊరికే సొంత సైన్ లాంగ్వేజ్ ఉంది. ఇలాంటివి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక పాప సంగతి. ఐఎస్ఎల్‌లో ఆడవాళ్ళని చెప్పడానికి వేలు ముక్కుపుడక దగ్గర పెడతారు, మగవాళ్ళకి మీసం చూపిస్తారు. అమెరికాలో అమ్మ అనాలంటే బొటనవేలు గడ్డానికి ఆనిస్తారు, నాన్నకి నుదుటికి. ఏ బీ సీ డీలు వాళ్ళవి ఒక్క చేత్తో, మనవి బ్రిటన్ లాగా రెండు చేతులతో. మరి పాప అమెరికా వీడియోలు చూసి నేర్చుకుంటే వైజాగ్‌లో ఎవరితో మాట్లాడుతుందండీ? మీ షాపు కుర్రాళ్ళతో కూడా మాట్లాడలేకపోతుంది. అందుకని ముందు ఐఎస్ఎల్, అందులో నాకేం అనుమానం లేదు. 2015లో ఢిల్లీలో పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ళ డిక్షనరీ ఉంది, 2021 నాటికే 10,000 మాటలు, యూట్యూబ్‌లో వీడియోలు ఫ్రీ. రేపు పై చదువుకి అమెరికా వెళ్తే, వాషింగ్టన్‌లో డెఫ్ విద్యార్థుల కోసమే గాలోడెట్ యూనివర్సిటీ ఉంది, అప్పుడు అక్కడి సైగలు నేర్చుకోవచ్చు, ఒక సైన్ లాంగ్వేజ్ గట్టిగా వచ్చినవాళ్ళకి రెండోది తొందరగానే వస్తుంది. ఏ భాషా సరిగ్గా రాకుండా పెరిగితేనే కష్టం, ఏడేళ్ళంటే ఇప్పటికే ఆలస్యం, ఇంకొక్క నెల కూడా ఆగొద్దని మీ తోడల్లుడుగారికి గట్టిగా చెప్పండి.

వీడియోలతోనే సరిపెట్టకండి, డెఫ్ పెద్దవాళ్ళు, తోటి పిల్లలు ఉన్న చోటికి పాపని తీసుకెళ్ళాలి. మీ షాపు కుర్రాళ్ళని అడిగితే ఊళ్ళో వాళ్ళు ఎక్కడ కలుస్తారో చెప్తారు. తెలుగు చదవడం రాయడం దీంతోపాటే సాగనివ్వండి, ఒకదానికి ఇంకోటి అడ్డం కాదు. అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇంట్లో అందరూ పాపతోపాటే నేర్చుకోవాలి, డల్లాస్ బాబాయ్‌గారు కూడా ఇదే ఐఎస్ఎల్ నేర్చుకుంటే వీడియో కాల్‌లో పాపతో నేరుగా మాట్లాడుకోవచ్చు.