కుక్కను శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ వల్ల దానికి నొప్పి ఉంటుందా?
కిడ్నీలు పాడైన మీ 12 ఏళ్ల లాబ్రడార్‌ని నిద్రపుచ్చేద్దాం అన్నారు డాక్టర్, దానికి నొప్పి తెలుస్తుందా అని కదా మీ ప్రశ్న. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, అంతే. మామూలుగా ముందు మగతకి ఒకటి ఇస్తారు, తర్వాత కాలి నరంలోకి మత్తుమందే భారీ మోతాదులో ఎక్కిస్తారు, సెకన్లలో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి, ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు కనిపించవచ్చు, మూత్రం పోవచ్చు. ముందే తెలియకపోతే బాధపడుతోందేమో అని హడలిపోతాం, కానీ అప్పటికి దానికేమీ తెలియదు. ఇంటికొచ్చి చేసే డాక్టర్ దొరికితే మేలు, క్లినిక్ వాసనకే కొన్ని వణికిపోతాయి. పెరుగన్నం కూడా ముట్టకుండా, లేవలేక పడుకున్నచోటే తడుపుకుంటుంటే ఇక లాగకండి. పాతిపెట్టేటట్టయితే గొయ్యి లోతుగా తవ్వించండి, ఆ మందు ఒంట్లోనే ఉండిపోతుంది, వీధికుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం.