సేవ్ చేయబడిందా, సేవ్ అయిందా?

సందేహం: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మేము తయారు చేస్తున్న యాప్‌లో తెరమీద కనిపించే సందేశాలన్నిటినీ తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. ‘మీ ఫైలు సేవ్ చేయబడింది’ అని రాస్తే తెలుగులా లేదని ఒకరంటారు. ‘సేవ్ అయింది’ అని రాస్తే నోటిమాటలా ఉంది, మర్యాద తగ్గిందని ఇంకొకరంటారు. ఆఫీసు మెయిళ్లలోనూ, సాయంత్రం ఆడుకునే గేముల్లోనూ ఎక్కడ చూసినా ఈ ‘బడింది’ కనిపిస్తోంది. ఏది సరైనది? అసలు ‘సేవ్ చేయడం’ అనే మాటే తప్పా? మరొకటి: గ్రూపులో ఒక్కరే ఉన్నప్పుడు మా యాప్ ‘1 మంది సభ్యులు’ అని చూపిస్తోంది. దీన్ని ఎలా దిద్దాలి?

సమాధానం: ‘మీ ఫైలు సేవ్ అయింది’ అనే రాయండి. అందులో తప్పూ లేదు, మర్యాదకు లోటూ లేదు. అయితే ఈ మాట పట్టుకుని ‘చేయబడింది’ ఉన్న ప్రతిచోటా ‘అయింది’ పెట్టుకుంటూ పోతే ఇంకో రకం చిక్కు వస్తుంది. అందుకే కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు చిన్న సందేహం తీర్చేద్దాం. ‘సేవ్ చేయు’ తప్పు కాదు. పరభాషల నుంచి వచ్చిన మాటను నామవాచకంగా తీసుకుని, దానికి చేయు, అగు చేర్చి క్రియను తయారు చేసుకోవడం తెలుగుకు పాత అలవాటే. పరిపాలన పుణ్యమా అని పారశీ, అరబీ మాటలు వచ్చినప్పుడూ మనవాళ్లు ఇదే పని చేశారు. మంజూరు చేశారు, మంజూరైంది. రద్దు చేశారు, రద్దయింది. దాఖలు చేశారు, దాఖలైంది. సెలవు మంజూరైందా అని అడిగేవాళ్లెవరూ పరభాష మాట్లాడుతున్నామని అనుకోరు. ఇన్‌స్టాల్ చేశాను, ఇన్‌స్టాల్ అయింది. కంపైల్ చేశాను, కంపైల్ అయింది అనేవి ఆ అచ్చులోనే పోసిన మాటలు. ‘భద్రపరచు’ మీకు నచ్చితే వాడండి, మంచి మాటే. సేవ్ అన్నంత మాత్రాన వాక్యం చెడదు. వాక్యాన్ని చెడగొట్టేది దాని వెనక వచ్చే క్రియ.

తెలుగులో పనికి రెండు ముఖాలుంటాయి. ఒకటి తానై జరిగేది, రెండోది ఎవరో చేసేది. ఆగింది, ఆపాను. మారింది, మార్చాను. నిండింది, నింపాను. కలిసింది, కలిపాను. తొలగింది, తొలగించాను. ఇలాంటి జంటలు మన భాషలో ఎన్నో ఉన్నాయి. జంట లేనిచోట ‘కొను’ ఆదుకుంటుంది: తలుపు తెరిచాను, తలుపు తెరుచుకుంది. కర్తను చెప్పకుండా సంగతి మాత్రమే చెప్పాలంటే తెలుగువాడు సహజంగా ఈ జంటలో మొదటి క్రియను అందుకుంటాడు. ఇంగ్లీషులో ఆ పనిని ఎక్కువగా కర్మణి వాక్యం, అంటే చేసినవారిని వెనక్కి నెట్టి పనికి గురైనదాన్ని ముందుపెట్టే వాక్యం, చేస్తుంది. ఆ వాక్యాన్ని ముక్కకు ముక్కగా దించితే వచ్చేదే ‘చేయబడింది’. మనకు ఆ అవసరం ఎప్పుడో తీరిపోయింది కాబట్టే మాటల్లో ఎవరూ దాన్ని వాడరు. ఫోను ఛార్జ్ చేయబడుతోందని ఎవరైనా అనగా విన్నారా? ఛార్జ్ అవుతోందంటారు, ఛార్జింగ్ ఎక్కుతోందంటారు. గేములో ‘మీరు ఓడించబడ్డారు’ అని తెరమీద పడినా, ఆడే పిల్లవాడు ‘ఓడిపోయాను’ అనే అరుస్తాడు. ఆ పిల్లవాడి వ్యాకరణమే సరైనది.

ఇక అసలు చిక్కు. ‘చేయబడింది’ అనే ఒకే మూతకింద నలుగురు వేర్వేరు కర్తలు దాక్కుంటారు. సందేశం రాసేటప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పని ఎవరు చేశారు? యంత్రం తన పని తాను ముగించిందా, సంస్థ చేసిందా, చదువుతున్న మనిషే చేశాడా, మరొకరు చేశారా? ఫైలు సంగతిలో వాడుకరి బటన్ నొక్కాడు. పని ముగిసిందా లేదా అన్నదే అతనికి కావాలి. కాబట్టి ‘సేవ్ అయింది’. కానీ ‘మీ ఖాతా తాత్కాలికంగా నిలిపివేయబడింది’ అనే వాక్యాన్ని ‘నిలిచిపోయింది’ అని మారిస్తే అన్యాయం. ఖాతా తనంతట తాను నిలిచిపోలేదు. సంస్థ నిలిపింది. అక్కడ ‘మీ ఖాతాను తాత్కాలికంగా నిలిపివేశాం’ అని రాయడమే నిజాయితీ. అలాగే ‘మీరు గ్రూపు నుంచి తొలగించబడ్డారు’ అన్నచోట ‘మిమ్మల్ని గ్రూపు నుంచి తొలగించారు’ అనాలి. తొలగించింది ఎవరో పేరు చెప్పకపోయినా, ‘తొలగించారు’ అనే బహువచన క్రియ ఎవరో ఉన్నారని చెబుతుంది. కర్త తెలియనప్పుడు మనం చేసేదీ అదే. ‘ఫోను ఎత్తుకుపోయారు’ అంటాం, ‘ఎత్తుకుపోబడింది’ అనం.

పాస్‌వర్డు సందేశం చూడండి. ‘మీ పాస్‌వర్డు మార్చబడింది’ అని ఫోనుకు వస్తుంది. చదివిన మనిషికి గుండె ఝల్లుమంటుంది: మార్చింది నేనా, ఇంకెవరైనానా? ఆ సందేశం పంపేదే ఆ అనుమానం తీర్చడానికి. ‘మీ పాస్‌వర్డు మారింది. మార్చింది మీరు కాకపోతే వెంటనే ఈ బటన్ నొక్కండి’ అని రాస్తే, మొదటి వాక్యం జరిగినది చెబుతుంది, రెండోది కర్తను నేరుగా ప్రశ్నిస్తుంది. మారు, మార్చు అనే జంట ఇంత పనికొచ్చే చోటు మరొకటి ఉండదు.

మర్యాద సంగతి. తెలుగులో మర్యాద ‘మీరు’లో ఉంటుంది, క్రియ చివరి ‘రు’లో ఉంటుంది, ‘దయచేసి’లో ఉంటుంది. ‘బడు’లో లేదు. అది ‘పడు’ నుంచి వచ్చిన మాట. మాట పడ్డాడు, దెబ్బలు పడ్డాడు, బాధపడ్డాడు, ఇష్టపడ్డాడు: మనిషి మీదికి ఏదో వచ్చి తగలడం, దాన్ని అతను అనుభవించడం దాని స్వభావం. అందుకే ‘మీరు ఈ ఉద్యోగానికి ఎంపిక చేయబడ్డారు’ అనే శుభవార్తలో ఏదో బరువు మోపినట్టుంటుంది. ‘ఎంపికయ్యారు’ అనండి, ‘మిమ్మల్ని ఎంపిక చేశాం’ అనండి. ఎంత హాయిగా ఉందో!

ఆఫీసు మెయిళ్లలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ‘నిర్ణయం తీసుకోబడింది’ అనే వాక్యం. దీన్ని విప్పి చూడండి. ‘తీసుకొను’లో ‘కొను’ ఉంది. కర్త తనకోసం తాను చేసే పనికి ఇది చేరుతుంది. వ్యాకరణకర్త చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఆత్మనేపదార్థంలో వస్తుందని చెప్పినది ఈ ‘కొను’నే. అంటే క్రియ మొదట్లోనే కర్త గట్టిగా కూర్చుని ఉన్నాడు. దాని పక్కన కర్తను లేపేసే ‘బడు’ను అంటించాం. ఒకే మాటలో కర్త ఉండాలి, ఉండకూడదు! ‘కోబడింది’ అన్న రూపం చెవికి గరగరలాడేది అందుకే. ఆ వాక్యం రాసే వ్యక్తికి తరచుగా కావలసింది కర్తను దాచడమే. పని గంటలు మారుస్తున్నట్టు నిర్ణయించింది ఎవరో ఉద్యోగులకు తెలియాలి కదా. ‘యాజమాన్యం నిర్ణయించింది’ అంటే అడగడానికి ఒక గుమ్మం దొరుకుతుంది. ‘మేనేజర్ ద్వారా ఆమోదించబడింది’ అన్నదీ ఇలాంటిదే. ‘ద్వారా’ అంటే ఆ దారిన వచ్చిందని. ఆమోదించింది మేనేజరా, ఆయన చేతుల మీదుగా వెళ్తే ఇంకెవరైనా ఆమోదించారా? ‘మేనేజర్ ఆమోదించారు’ అంటే ఏ సందేహమూ ఉండదు.

మీ పనిలో ఈ ‘బడింది’ రావడానికి ఇంకొక కారణం కూడా ఉంటుంది. సందేశాలు కోడు నుంచి విడదీసిన జాబితాగా వస్తాయి. పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉంటుంది, యంత్రం తర్వాత నింపుతుంది. ఆ ఖాళీలో పడే పేరు రవి అయితే ‘రవికి’, గీత అయితే ‘గీతకు’, రాముడైతే ‘రాముడికి’. ముందుగా ఏ విభక్తి రాసిపెట్టినా ఏదో ఒక పేరు దగ్గర తేడా కొడుతుంది. ఈ భయంతోనే పేరును ముట్టుకోకుండా పక్కన ‘ద్వారా’ పెట్టి ‘పంపబడింది’ అని ముగిస్తారు. నిజానికి చేసినవారిని ముందుపెట్టే కర్తరి వాక్యమే ఇక్కడ యంత్రానికి ఇంకా అనుకూలం. ‘రవి పంపారు’, ‘గీత పంపారు’ అన్నప్పుడు పేరు ప్రథమావిభక్తిలో ఉన్నదున్నట్టే ఉంటుంది, ‘పంపారు’ స్త్రీపురుషులిద్దరికీ సరిపోతుంది, గౌరవమూ దక్కుతుంది. ‘కి, కు’ తప్పనిచోట వాక్యం మానేసి ‘అందుకునేవారు: రవి’ అని శీర్షికలా రాయండి.

ఇదంతా చదివి ‘బడు’ ఉన్న ప్రతి మాటనూ పీకేయకండి. కనబడు, వినబడు, నిలబడు, పట్టుబడు, చొరబడు అచ్చమైన తెలుగు క్రియలు. వీటిని కర్మణి వాక్యాలుగా లెక్కించకూడదు. ‘అనబడే’ పాతుకుపోయిన మాట. కర్త ఎవరైనా కావచ్చు, చర్యే ముఖ్యం అనుకునే చట్టాల్లో, ఒప్పంద పత్రాల్లో కర్మణి వాక్యానికి చోటుంది. మీ యాప్ షరతుల పత్రంలో ఒకటి రెండు కనిపిస్తే నాకు అభ్యంతరం లేదు.

చివరగా ‘1 మంది’. మనుషులను లెక్కపెట్టడానికి తెలుగులో వేరే సంఖ్యలున్నాయి: ఒకరు, ఇద్దరు, ముగ్గురు, ఇలా ఏడుగురు దాకా. ‘మంది’ వాడుకలో ఎనిమిది నుంచి స్థిరపడింది. కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకూ ప్రమాణాలు నిర్ణయించే యూనికోడ్ సంస్థ నిర్వహించే భాషా సమాచారంలో తెలుగు లెక్కకు ఒకటి, తక్కినవి అని రెండే వర్గాలున్నాయి. ‘1 ఫైలు, 5 ఫైళ్లు’ అనడానికి అవి చాలు, మనుషులకు చాలవు. వీలైతే ఏడుగురి వరకూ మాటల్లో రాయించండి: ‘ఇద్దరు సభ్యులు’, ‘ఐదుగురు సభ్యులు’. అంత పని కుదరకపోతే ‘సభ్యులు: 1’, ‘సభ్యులు: 12’ అని చూపండి, ఏ అంకె పడినా తప్పు రాదు.